మూడు లీటర్ల నీళ్లు

రోజారాణి కండక్టరుగా చేరి పంతొమ్మిదేళ్లయింది. ఇన్నేళ్లలో టికెట్లు కొట్టడం కంటే, చిల్లర గొడవలు తీర్చడం కంటే ఆమె బాగా నేర్చుకున్న విద్య ఒకటుంది. అది దాహాన్ని చంపుకోవడం. పొద్దున నాలుగున్నరకు లేచి, సగం గ్లాసు చాయ తాగి మంచిర్యాల డిపోకు పోయిందంటే, మళ్లీ రెండింటికి డ్యూటీ దిగేదాకా గుటకెడు నీళ్లు నోట్లో పోసుకునేది కాదు. మగ కండక్టర్లకు ఏ చెట్టు చాటయినా, ఏ పిట్టగోడయినా సరిపోతుంది. ఆడవాళ్లు నీళ్లు తాగితే ఎక్కడికి పోవాలి? అందుకే తాగరు. ఆ సంగతి ఒకరికొకరు చెప్పుకోరు కూడా.

ఆమె బస్సు మంచిర్యాలలో బయలుదేరి శ్రీరాంపూర్, జైపూర్, చెన్నూరు దాటి ప్రాణహిత దిక్కున్న ఒక పల్లె దాకా పోయి వస్తుంది. అలా రోజుకు రెండు ట్రిప్పులు. ఆ చివరి పల్లెలో ఒక సిమెంటు షెడ్డు, ఒక పాన్ డబ్బా తప్ప ఏమీ లేవు. ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేకుండా అయినప్పటి నుంచి బస్సులో కాలు పెట్టే సందు ఉండటం లేదు. డబ్బులు ఇవ్వకపోయినా ప్రతి ఆడమనిషికీ జీరో టికెట్టు కొట్టి చేతిలో పెట్టాల్సిందే. ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా మనుషుల్ని తోసుకుంటూ పోయి వచ్చేసరికి ఒక స్టేజీ అయిపోతుంది, మళ్లీ మొదలు.

జనవరిలో ఒకరోజు, జైపూర్ దాటాక, నడుము కుడిపక్క నుంచి పొత్తికడుపులోకి దబ్బనం దించినట్టు నొప్పి వచ్చింది. రోజారాణి కడ్డీ పట్టుకుని అలాగే సీట్లోకి జారింది. డ్రైవర్ లచ్చయ్య అద్దంలోంచి చూశాడు. ఆయన రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. నాలుగేళ్లుగా ఇద్దరిదీ ఒకే బండి.

"ఏమైంది చెల్లె? మొకమంత చెమట వట్టింది."

"ఏం లేదన్నా. నువ్వు నడువనియ్యి."

ఆ ట్రిప్పు ఎలా అయిందో ఆమెకు తెలియదు. డిపోలో డబ్బు, టికెట్ల మిషను అప్పగించి, అక్కడి నుంచి ఆటోలో ఆసుపత్రికి పోయింది. స్కానింగులో కుడి కిడ్నీలో ఏడు మిల్లీమీటర్ల రాయి కనిపించింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా ఉంది. డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంటూ అడిగింది.

"మూత్రం ఆపుకుంటావా?"

"డ్యూటీల తప్పది గద మేడం."

"నీళ్లు ఎన్ని తాగుతావు?"

రోజారాణి స్కానింగు కాగితాన్ని మడతపెట్టింది. డాక్టరమ్మ తలెత్తి చూసి, మందుల చీటీ అడుగున పెద్ద అక్షరాలతో రాసింది. "రోజుకు మూడు లీటర్లు. ఒక్కరోజు కూడా తప్పకూడదు. మందుల కంటే నీకు ఇదే ముఖ్యం."

భర్త నరేశ్‌కు శ్రీరాంపూర్ రోడ్డులో వెల్డింగు షాపుంది. ఏ పనయినా కొలత పెట్టి చేసే మనిషి. ఆ సాయంత్రమే ఒక తెల్లకాగితం మీద గంటగంటకూ గీతలు గీసి, గీతకో గ్లాసు రాసి ఫ్రిజ్ మీద అంటించాడు. భార్య ఫోన్లో పన్నెండు అలారాలు పెట్టాడు. అత్త బాలలక్ష్మి ఆ కాగితాన్ని దగ్గరికి పోయి మరీ చూసింది.

"నీళ్లు తాగుటానికి గూడ టైం టేబులా? మా దినాలల్ల బాయి కాడికి వోతే తాగినం, వోకపోతే లేదు. మాకేమన్న రాళ్లయినయా?"

"నీకు బాయి ఉండె అత్తమ్మా. నాకు బస్సుంది," అంది రోజారాణి.

మరునాడు వీక్లీ ఆఫ్. అలారం మోగినప్పుడల్లా ఒక గ్లాసు తాగింది. సాయంత్రానికి పన్నెండు గీతల మీదా టిక్కులు పడ్డాయి. ఇంత సులువైన పనిని ఇన్నేళ్లు ఎందుకు చేయలేదా అనుకుంది. ఇల్లూ, ఇంట్లో బాత్రూమూ ఉన్న రోజున ఏ నియమమైనా సులువే అన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టలేదు.

ఆ మరునాడు డ్యూటీలో ఆరింటికి, ఏడింటికి, ఎనిమిదింటికి అలారం మోగింది. జనంలో నలుగుతూనే బాటిల్ తీసి తాగింది. చెన్నూరులో దిగుదామనుకుంటే, బస్సు ఆగే ఆ మూడు నిమిషాలూ ఎక్కేవాళ్లను సర్దడంతోనే సరిపోయింది. చెన్నూరు దాటిన పావుగంటకు ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇక ఆగేలా లేదు.

"లచ్చన్నా, జర ఆపు."

లచ్చయ్య పత్తి చేను పక్కన ఆపాడు. ఆమె దిగి, ఎండిన పత్తికట్టెల్లోంచి లోపలికి పోయింది. చేను పలచగా ఉంది. ఎంత దూరం పోయినా బస్సు కిటికీలు కనిపిస్తూనే ఉన్నాయి. తిరిగి వచ్చేటప్పుడు పత్తికాయల డొప్పలు చీర కుచ్చిళ్లకు పట్టుకుని గీరుకున్నాయి. మెట్టు మీద కాలు పెడుతుండగా వెనక సీట్లోంచి ఒకడు గట్టిగా అన్నాడు.

"మేడం పత్తి ఏరవోయినట్టుంది. మా పెండ్లి ముహూర్తం దాటిపోతుంది గని, జల్ది వోనియ్యుండ్రి."

కొందరు నవ్వారు. ఆడవాళ్లు నవ్వలేదు, కానీ కిటికీ బయటికి చూస్తూ ఉండిపోయారు. రోజారాణి తల వంచుకుని టికెట్లు కొట్టింది. ఆ రోజంతా ఆమె తలెత్తలేదు, మళ్లీ బాటిల్ ముట్టలేదు.

మర్నాడు పొద్దున అలారాలన్నీ తీసేసింది. ఒక్కరోజు కూడా తప్పొద్దని కదా డాక్టరమ్మ చెప్పింది. తప్పనే తప్పింది. ఒకసారి తప్పాక ఇక ఆ కాగితం ఉంటే ఎంత, లేకపోతే ఎంత? తాగకపోయినా ఇంటికి రాగానే వరుసగా గీతలన్నిటి మీదా టిక్కులు పెట్టేది. నరేశ్ అడిగితే "తాగుతున్న" అనేది. ఆయన నమ్మేవాడు. నమ్ముతున్నాడని ఆమెకు ఇంకా అలసటగా ఉండేది.

పది రోజులకు మళ్లీ నొప్పి వచ్చింది. ఈసారి చలిజ్వరం కూడా తోడయింది. నాలుగు రోజులు సిక్ లీవు పెట్టి సెలైన్ ఎక్కించుకుంటూ పడుకుంది. ఆసుపత్రి ఫ్యాను తిరగడం చూస్తూ, ఈ రాయి సంగతి కాదు, తన సంగతే ఆలోచించింది. అన్నం మానమన్నారా, ఉప్పు మానమన్నారా? తాగమన్నది ఉట్టి మంచినీళ్లు. ఆ మాత్రం కూడా చేతకాని మనిషినయ్యానే అనుకుంది. ఏడుపు కూడా రాలేదు. ఏడవడానికి కూడా ఓపిక కావాలి.

మళ్లీ డ్యూటీకి వచ్చిన రోజు గురువారం. శ్రీరాంపూర్, జైపూర్ దాటి కొంత దూరం పోతే ఎర్రగుంటపల్లె స్టేజీ వస్తుంది. తిరుగు ట్రిప్పులో అక్కడ ప్రతి సోమవారం, గురువారం షహర్ బానో ఎక్కుతుంది. అరవై దాటిన మనిషి. స్టేజీకి ఎదురుగానే ఆమె ఇల్లు. చీరలకు ఫాల్స్ కుట్టి, మూట కట్టి మంచిర్యాల బట్టల దుకాణాల్లో ఇచ్చి వస్తుంది. ఏడేళ్లుగా ఇదే బస్సు. ఆ మూటను ఎప్పుడూ రోజారాణి సీటు పక్కనే పెట్టుకుని నిలబడుతుంది.

"ఏడ వోయినవ్ బిడ్డా, నాలుగు దినాలు కానరాలే? నీ జాగల వచ్చినామె నా మూటను ఎక్కనియ్యనన్నది."

"పానం బాగ లేకుండె ఖాలా."

"గది నీ మొకం సూస్తెనే తెలుస్తుంది. ఏమైంది?"

బస్సులో ఎవరికీ చెప్పని మాట రోజారాణి ఆ పూట చెప్పేసింది. మనిషి అలిసిపోతే నోటికి కాపలా ఉండదు. రాయి గురించి, మూడు లీటర్ల గురించి, పత్తి చేను గురించి, జనం సద్దులోనే, టికెట్టు టికెట్టుకూ మధ్య ముక్కలు ముక్కలుగా చెప్పింది. షహర్ బానో అన్నీ విన్నది. శ్రీరాంపూర్ బొగ్గుబావుల మట్టిగుట్టలు కనిపించేదాకా మూట మీద చెయ్యేసి నిలబడే ఉంది. తర్వాత అంది.

"ఏడేండ్ల సంది నా ఇంటి ముంగటనే ఆగుతున్నవ్. మా ఇంట్ల బాత్రూం ఉన్నది. నన్ను అడగరాదా?"

"ఎట్లడగాలె ఖాలా?"

"నోటితోని."

రోజారాణికి చాలా రోజుల తర్వాత నవ్వు వచ్చింది.

అయినా మరునాడు ఎర్రగుంటపల్లెలో బస్సు ఆగినప్పుడు ఆమె దిగలేదు. షహర్ బానో నీలం తలుపు తీసుకుని గడపలో నిలబడి చూస్తోంది. డెబ్బై మందిని బస్సులో కూర్చోబెట్టి దిగి ఎలా పోవడం? అప్పుడు, నిన్నటి మాటలు వినే ఉన్నాడేమో, లచ్చయ్య ఇంజను ఆపాడు. సీటు కింది నుంచి ఇనుపరాడ్డు తీసుకుని దిగాడు.

"వెనుక టైరు జర మెత్తగున్నట్టుంది. సూసుకొని వస్త. ఎవ్వలు పరేషాన్ గావొద్దు," అని బస్సంతా వినపడేలా చెప్పి, ఆమె వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "ఆరు టైర్లు కొట్టి సూసుటానికి నాలుగు నిమిషాలు వడుతది చెల్లె. పో."

ఆమె పోయి వచ్చేసరికి లచ్చయ్య ఐదో టైరు దగ్గరున్నాడు. మొగులయ్య అనే ముసలాయన కిటికీలోంచి తల బయటపెట్టి, ఏ టైరుకు ఎంత గాలి ఉండాలో ఆయనకు చెబుతున్నాడు.

ఆ రోజు నుంచి రోజారాణి గంటల లెక్క మానుకుని స్టేజీల లెక్క పట్టుకుంది. బస్సు ఎర్రగుంటపల్లెకు రోజుకు నాలుగుసార్లు వస్తుంది. ఆ స్టేజీకి ముప్పావుగంట ముందు రెండు గ్లాసులు. దాటాక ఏమీ లేదు. మళ్లీ తిరుగు ట్రిప్పులో చెన్నూరు దగ్గర రెండు. డ్యూటీ దిగాక ఇంట్లో మిగతాది. బస్సు ఆలస్యంగా నడిచిన రోజు ఒక గ్లాసు తగ్గించేది. జాతరలా జనం కిక్కిరిసిన సంతరోజున మొదటి ట్రిప్పు వదిలేసి రెండో ట్రిప్పులో తాగేది. ఫ్రిజ్ మీది కాగితాన్ని నరేశ్ చేతనే తీయించింది.

"మరి లెక్క ఎట్ల తెలుస్తది?" అన్నాడతను.

"నాకు తెలుస్తది. నువ్వు బాటిల్ కడిగి వెట్టు, సాలు."

రంజాన్ నెల వచ్చింది. షహర్ బానో పెదవులు ఎండిపోయి ఉండేవి. అయినా రోజారాణి వచ్చే వేళకు తలుపు తీసి, చల్లటి కుండనీళ్లు బాటిల్లో నింపి పెట్టేది. ఒకరోజు రోజారాణి ఆ బాటిల్ పట్టుకుని అలాగే నిలబడింది.

"నువ్వు ఉపాసముంటివి. నీ ముంగట నేనెట్ల తాగుదు ఖాలా?"

"నా రోజా నేనుంట. నీ పేరులనే రోజా ఉన్నదాయె, ఇగ వేరే ఉండుడెందుకు? తాగు."

అలా ఏడు వారాలు గడిచాయి. కొన్ని రోజులు రెండున్నర లీటర్లు, కొన్ని రోజులు రెండు. మూడు అయిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ నొప్పి రాలేదు.

ఏప్రిల్ మొదట్లో డ్యూటీ చార్టు మారింది. డిపో బోర్డు మీద రోజారాణి పేరు ఉట్నూరు బండికి ఎదురుగా ఉంది. లక్సెట్టిపేట, జన్నారం మీదుగా అడవిలోంచి మూడు గంటల తోవ. డ్రైవర్ ఓంప్రకాశ్. ఆదిలాబాదు మనిషి, గడియారం కంటే ముందు నడిచే మనిషని పేరు. రోజారాణి ఆ బోర్డు ముందే బల్ల మీద కూలబడింది. ఆ స్టేజీలన్నీ, ఆ గ్లాసుల లెక్కంతా ఒక్క కాగితంతో పోయింది. లచ్చయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మల్ల మొదటికొచ్చిందన్నా. నాతోని గాదిగ."

లచ్చయ్య చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "మొన్న రాళ్లవానకు మన రెండో ట్రిప్పు క్యాన్సిల్ అయింది. తెల్లారి బస్సు తియ్యలేదా మనం? ఒక ట్రిప్పు వోయిందని బండిని షెడ్డుల వెట్టి తాళం ఏస్తరా ఎవలన్న?"

"నువ్వు అల్కగ చెప్తవ్."

"అల్కగేం లేదు. నేను బీడీ మానవట్టి ఆరేండ్లు. ఇప్పటికి పదిసార్లు మల్ల కాల్చిన. పదకొండోసారి మానిన్నా లేదా?"

కొత్త రూటులో మొదటి రోజు ఆమె కావాలనే ఏమీ తాగలేదు. తోవను చూసింది అంతే. ఎక్కడ ఇళ్లు రోడ్డుకు దగ్గరున్నాయి, ఎక్కడ బస్సు రెండు నిమిషాలకు మించి ఆగుతుంది, ఎక్కడ ఆడవాళ్లు గడపల్లో కనిపిస్తున్నారు. రెండో రోజు ఒక పెట్రోలు బంకులో అడిగింది. అక్కడి మనిషి ఆమె ఖాకీ కోటును పైనుంచి కిందికి చూసి, తాళంచెవి లేదన్నాడు. తాళంచెవి అతని వెనకే మేకుకు వేలాడుతోంది. ఆమె తిరిగి వచ్చి బస్సెక్కింది. నలభై మూడేళ్ల వయసులో, ఈ మాట ఊరూరా అడుక్కుంటూ తిరగాలా అనిపించింది. ఆ రోజు అర లీటరు కూడా తాగలేదు.

మూడో రోజు మళ్లీ అడిగింది. జన్నారం దాటాక ఒక ఊళ్లో రోడ్డు పక్కనే అంగన్వాడీ ఉంది. టీచరు పద్మలత ఆమె మాట పూర్తి కాకముందే లోపలికి చూపించింది.

"పది గంటల తర్వాతనయితే ఉంట మేడం. ఆదివారం ఉండ. పండుగలకు ఉండ. మిగతప్పుడు నువ్వు అడుగుడే వద్దు, రా."

పోయేటప్పుడు బస్సు అక్కడికి పదింటికి ముందే వస్తుంది, కాబట్టి తిరిగి వచ్చేటప్పుడే ఆమెకు ఆ వాకిలి. పోయేటప్పుడు ఉట్నూరు బస్టాండు దాకా ఓపిక పట్టాలి. ఆ లెక్కన గ్లాసులు మళ్లీ సర్దుకుంది. ఓంప్రకాశ్ టైర్లు చూసే మనిషి కాదు. రెండు నిమిషాలు దాటితే స్టీరింగు మీద వేళ్లతో దరువేసేవాడు. "కాయ్ మేడం, రోజు ఇక్కడ్నే పని పడుతదా మీకు?" అని తన మరాఠీ యాసలో ఒకసారి అడిగాడు కూడా. చెప్పాలనుకుంది. చెప్పే ఓపిక లేక ఊరుకుంది.

ఏప్రిల్ చివర్లో స్కానింగు చేయించుకుంది. ఏడు మిల్లీమీటర్ల రాయి పోలేదు కానీ కిందికి దిగింది, అరిగి నాలుగయింది. ఇన్ఫెక్షన్ లేదు. డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసింది.

"బాగుంది. రోజూ మూడు లీటర్లు తాగుతున్నావన్నమాట."

అవునని తల ఊపితే అయిపోయేది. రోజారాణి తల ఊపలేదు.

"దినాం తాగుతున్న మేడం. గని దినాం మూడు లీటర్లు గాదు. అయిననాడు అయితది, కానినాడు లీటరున్నరనే. నడుమ నడుమ అది గూడ తప్పుతది."

డాక్టరమ్మ ఫిల్మును బల్ల మీద పెట్టింది. ఎండకు నల్లబడ్డ ఆమె ముఖాన్ని, చేతిలోని గీతలు పడ్డ ప్లాస్టిక్ బాటిల్‌నూ చూసింది. "తప్పిన మరునాడు?"

"మల్ల తాగుత."

"అయితే అట్లాగే కానియ్యి. ఎండలు ముదురుతున్నాయి, జాగ్రత్త," అని రెండు నెలల తర్వాత రమ్మంది.

మే నెలలో అంగన్వాడీకి సెలవులిచ్చారు. పద్మలత ముందే చెప్పింది, కానీ మొదటి రోజు ఆ తాళం చూసేసరికి రోజారాణి మెట్టు మీదే ఆగి చుట్టూ చూసింది. అలవాటు కొద్దీ అప్పటికే రెండు గ్లాసులు తాగి ఉంది. బస్సు నిప్పుల కొలిమిలా ఉంది. కూర్చున్నవాళ్లు కొంగులతో, టవళ్లతో విసురుకుంటున్నారు. అంగన్వాడీకి నాలుగిళ్ల అవతల, మట్టి అరుగు మీద ఒకామె చేటలో ఇప్పపూలు ఏరుతోంది. తలుపు పక్కన నీళ్ల గోలెం, వెనక కొత్తగా సున్నం వేసిన చిన్న గది ఉన్నాయి.

రోజారాణి దిగి ఆ అరుగు దగ్గరికి నడిచింది. ఎన్నోసారి అడుగుతోందో ఆమెకే లెక్క లేదు. సిగ్గు పోలేదు. కానీ సిగ్గుపడే ఓపిక కూడా మిగల్లేదు.

"అక్కా, బస్సుల కండక్టర్ను. జర బాత్రూంకు పోవాలె."

అరుగు మీదామె ఖాకీ కోటును చూసి, బస్సును చూసి, చేట పక్కన పెట్టింది. లేచి గోలెంలోంచి బకెట్టు ముంచి ఆ గదిలో పెట్టి వచ్చింది.

రోజారాణి లోపలున్నప్పుడే బయట హారన్ మోగింది. ఆగి మళ్లీ మోగింది. ఆమె బయటికి వచ్చి చేతులు కడుక్కుంది. ముఖం మీద నీళ్లు చల్లుకుంది. మెడ మీద కొంగు తడి చేసుకుంది.

"రేపు మల్ల ఇదే టైంకు వస్త అక్కా. ఉంటవా?"

"ఏడికి వోత?" అని నవ్వి ఆమె ఖాళీ బాటిల్ కోసం చెయ్యి చాపింది.

మూడో హారన్ మోగింది. బాటిల్ సగమే నిండింది. రోజారాణి అది నిండేదాకా నిలబడి, మూత బిగించి, ఎండలో మెల్లగా నడుచుకుంటూ బస్సు దగ్గరికి పోయింది. ఓంప్రకాశ్ కిటికీలోంచి చూస్తున్నాడు.

"కాయ్ మేడం, నాలుగు నిమిషాలయింది."

"అయితది సారూ," అంది మెట్టెక్కుతూ. "కిడ్నీల రాయున్నది నాకు. దినాం అయితది."

అతను హారన్ మీద నుంచి చెయ్యి తీశాడు. గేరు వేశాడు. ఆమె మిషను భుజానికి తగిలించుకుని, వెనక తలుపు దగ్గర కొత్తగా ఎక్కిన ఇద్దరు ఆడవాళ్ల వైపు జనాన్ని తోసుకుంటూ కదిలింది.